తోరాకు తొడిగిన బట్టలు, వాటి మీద కుట్టిన పేర్లు

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? సరే, మొదలుపెడతాను.

ఇవాళ నేను మాట్లాడబోయేది సినగాగుల్లో వాడే కుట్టుపని బట్టల గురించి. యూదుల ప్రార్థనామందిరంలో తోరా గ్రంథపు చుట్టకు వేసే తొడుగు, దాన్ని బిగించి కట్టే పట్టీ, ఆ చుట్టలు ఉంచే పెట్టె ముందు వేలాడే తెర, ఇలాంటివన్నీ. మ్యూజియంలో వీటిని చూసేవాళ్లు సాధారణంగా "అబ్బ, ఎంత జరీ పోశారో" అనుకుని పక్క అద్దాల బీరువా దగ్గరికి వెళ్లిపోతారు. నాకు మాత్రం జరీ కంటే దాంతో కుట్టిన అక్షరాలే ముఖ్యం, ఎందుకంటే ఎవరు ఇచ్చారు, ఏ ఏడాది ఇచ్చారు, చాలాసార్లు ఎవరు కుట్టారు అన్నది కూడా ఆ బట్ట మీదే ఉంటుంది. పాత దస్తావేజును ఎంత జాగ్రత్తగా చదువుతామో వీటినీ అలాగే చదవాలి. నేను చెప్పదలుచుకున్నది అంతే, మిగతాదంతా అదెందుకో వివరించడమే.

ముందు ఒక ప్రశ్న. ఒక ఊరి యూదులు తమ సినగాగ్ అమ్మేశారనుకోండి, ఆ డబ్బుతో ఏం కొనొచ్చు? దీనికి మిష్నాలో జవాబుంది. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూద ధర్మనియమాల సంకలనం అది, అందులో మెగిల్లా అనే భాగం 3వ అధ్యాయం ఈ సంగతితోనే మొదలవుతుంది. ఊరి నడిమధ్య స్థలం అమ్మితే ఆ డబ్బుతో సినగాగ్ కొనొచ్చు. సినగాగ్ అమ్మితే పెట్టె, పెట్టె అమ్మితే చుట్టలకు చుట్టే బట్టలు, బట్టలు అమ్మితే మిగతా పవిత్ర గ్రంథాలు, ఆ గ్రంథాలు అమ్మితే తోరా. ఎప్పుడూ పైమెట్టుకే వెళ్లాలి, కింది మెట్టుకు దిగకూడదు. అంటే బట్టలు అమ్మిన డబ్బుతో పెట్టె కొనడానికి వీల్లేదు. ఇప్పుడు ఆ వరసలో బట్ట ఎక్కడుందో చూడండి. భవనం కంటే పైన, చెక్కిన పెట్టె కంటే కూడా పైన. రాయి, కర్ర ఎంత ఖరీదైనవైనా సరే, తోరాను ఒంటికి తాకే బట్ట వాటిని మించినది. ఈ ఒక్క నియమం మనసులో పెట్టుకుంటే మిగతావన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

తోరా అంటే మోషే ఐదు కాండాలు. జంతుచర్మం మీద చేత్తో రాసి, రెండు కర్రలకు చుట్టి ఉంచుతారు. దాన్ని ఒట్టి చేత్తో ముట్టుకోరు. తాల్ముడ్‌లో (మిష్నా మీద తర్వాతి పండితులు చేసిన చర్చల సంకలనం అది) యోహానాన్ అనే రబ్బీ, అంటే మతగురువు, పేరిట చాలా కఠినమైన మాటే ఉంది, తోరాను నగ్నంగా పట్టుకున్నవాణ్ని నగ్నంగానే పాతిపెడతారు అని. అందుకే చదివేటప్పుడు కూడా వేలు పెట్టకుండా, కొసన చిన్న చెయ్యి ఆకారం ఉన్న వెండి పుల్లతో వరస చూపిస్తారు. అదే తాల్ముడ్ ఇంకోచోట, ఆజ్ఞను ఎలాగో ఒకలా కాకుండా అందంగా నెరవేర్చాలని చెబుతూ, తోరాను మంచి సిరాతో, మంచి కలంతో, నేర్పున్న లేఖకుడితో రాయించి మేలైన పట్టులో చుట్టమంటుంది. ఖరీదైన బట్ట, నెలల తరబడి కుట్టుపని, ఇవన్నీ ఆడంబరం కాదా అని అడిగేవాళ్లకు పాతకాలం నుంచీ ఉన్న జవాబు ఇదే.

మరి ఆ బట్ట చిరిగిపోతే? పారేయరు. అరిగిపోయిన తోరా బట్టలతో దిక్కులేని శవానికి, అంటే పాతిపెట్టడానికి అయినవాళ్లెవరూ లేని మనిషికి, చనిపోయాక తొడిగే బట్టలు కుట్టొచ్చని, ఆ బట్టకు అదే తగిన వీడ్కోలని తాల్ముడ్ చెబుతుంది. ఇది మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసేసి కాసేపు ఊరికే కూర్చున్నాను. తోరాను కప్పిన పట్టు, ఎవరికీ చెందని మనిషిని కప్పడానికి వెళ్తుంది. ఏ మతంలోనైనా సరే, పవిత్ర వస్తువును ఇంతకంటే గొప్పగా సాగనంపే పద్ధతి నాకు కనబడలేదు.

సరే, ఏ బట్ట ఎక్కడ వాడతారో త్వరగా చెప్పేస్తాను. జర్మనీ, పోలండ్, బొహీమియా (ఇప్పటి చెక్ దేశంలో ఒక భాగం) వైపు యూదుల్ని అష్కెనాజీలంటారు. వాళ్ల పద్ధతిలో చుట్టను మూశాక ముందు పొడవాటి పట్టీ చుట్టి కడతారు. దాని మీద పైనుంచి తొడుగు వేస్తారు. కర్రల కొసలు బయటికి రావడానికి తొడుగు పైభాగంలో రెండు కంతలుంటాయి. ఆపైన వెండి కిరీటమో, చిరుగంటలు వేలాడే వెండి తొడుపులో పెట్టి, గొలుసుతో ముందు ఒక వెండి పలక వేలాడదీస్తారు. తోరాలోని నిర్గమకాండంలో ప్రధాన యాజకుడి నిలువుటంగీ అంచుకు దానిమ్మకాయలు, బంగారు గంటలు కుట్టమని ఉంది కదా, తోరాను ముస్తాబు చేసే తీరంతా ఆ యాజకుణ్ని గుర్తుకు తెస్తుంది. ఇరాక్, ఇరాన్, యెమెన్ యూదులు చుట్టను గుండ్రటి గట్టి పెట్టెలో నిలబెడతారు కాబట్టి అక్కడ ఇలాంటి తొడుగు అవసరం రాదు. మన దేశంలో కొచ్చి మట్టాంచేరిలో 1568లో కట్టిన పరదేశి సినగాగ్‌లో కూడా చుట్టలు ఉండేది అలాంటి గుండ్రటి పెట్టెల్లోనే.

పెట్టె ముందు వేలాడే తెరను పరోఖెత్ అంటారు. దీని మూలం తెలుగు బైబిల్ చదివినవాళ్లకు కొత్తేమీ కాదు, నిర్గమకాండం 26వ అధ్యాయంలో "నీల ధూమ్ర రక్తవర్ణములుగల" అడ్డతెర అని వస్తుంది, అదే. మోషే కాలంలో ఎడారిలో ఆరాధనకు వేసిన గుడారంలో పవిత్ర స్థలాన్ని అతిపవిత్ర స్థలం నుంచి వేరుచేసిన తెర. యెరూషలేము దేవాలయం క్రీ.శ. 70లో కూలిపోయాక ఆ తెర జ్ఞాపకం ఊరూరి సినగాగ్‌లోకి వచ్చింది. సిరియాలోని దురా యూరోపస్‌లో క్రీ.శ. 244-45 నాటి సినగాగ్ తవ్వకాల్లో బయటపడింది, అక్కడ తోరా గూడు ముందు తెర వేలాడదీసిన ఆనవాళ్లు దొరికాయి. ఇజ్రాయెల్‌లోని ఆరో శతాబ్దపు బేత్ ఆల్ఫా సినగాగ్ నేల మీద రంగురాళ్ల చిత్రంలోనైతే పెట్టెకు రెండు పక్కలా తెరలు పక్కకు లాగినట్టే కనిపిస్తాయి. ఆనాటి బట్ట మిగల్లేదు కానీ బట్ట బొమ్మ రాతిలో మిగిలింది.

రోజూ ఒకే తెర ఉండదు. రోష్ హషానా (యూదుల కొత్త సంవత్సరం), యోమ్ కిప్పూర్ (ప్రాయశ్చిత్త దినం) రోజుల్లో తెర, తొడుగులు అన్నీ తెల్లవి వేస్తారు. దేవాలయం కూలిన దుఃఖదినం తిషా బె ఆవ్ నాడు చాలా చోట్ల తెర తీసేస్తారు, పెట్టె బోసిగా నిలబడుతుంది.

ఇక కుట్టుపని. ఇక్కడ మగ్గం వర్క్ తెలిసినవాళ్లు ఉన్నారు కాబట్టి ఇది మీకు సులువు. ఈ బట్టల మీద కనిపించే బంగారు దారం నిజానికి పట్టు నూలు చుట్టూ సన్నని బంగారు పూత వెండి రేకు చుట్టినది. దాన్ని సూదిలోంచి బట్టలో పైకీ కిందికీ లాగితే రేకు రాలిపోతుంది, అందుకని దారాన్ని బట్ట మీదే పరిచి, సన్నటి పట్టు దారంతో అక్కడక్కడా పట్టి బిగిస్తారు. అక్షరాలు, సింహాలు పైకి ఉబ్బెత్తుగా కనిపించాలంటే కింద అట్టముక్క కోసి పెట్టి దాని మీద జరీ అటూ ఇటూ తిప్పుతారు. జర్దోసీ చేసే చేతులకు ఈ పని చూపిస్తే వివరించాల్సిన అవసరం ఉండదు. బొమ్మల విషయానికొస్తే మనిషి రూపాలు అరుదు, కారణం పది ఆజ్ఞల్లో రెండోది. ఎదురెదురుగా రెండు సింహాలు, మధ్యలో కిరీటం, ఇరువైపులా సొలొమోను దేవాలయపు రెండు స్తంభాలు, ఇదీ ఎక్కువగా కనిపించే కూర్పు. మెలితిరిగిన స్తంభాల నమూనా చాలావరకు అచ్చుపుస్తకాల ముఖపత్రాల నుంచి దిగింది. దాత యాజక వంశస్థుడైతే ఆశీర్వదించే రెండు చేతులు, లేవీయుడైతే, అంటే దేవాలయంలో యాజకులకు సాయపడిన వంశం వాడైతే, నీళ్లు పోసే చెంబు కుడతారు. కాబట్టి పేరు చదవడం రాకపోయినా దాత ఏ వంశమో బొమ్మ చెప్పేస్తుంది.

పద్దెనిమిదో శతాబ్దపు జర్మనీలో ఇదే వృత్తిగా బతికిన యూదు మగవాళ్లున్నారు. నౌంబుర్గ్ ఊరి ఎల్కోనె, హోక్‌స్టెట్ ఊరి యాకోబ్ కొప్పెల్ గాన్స్ లాంటివాళ్లు తమ పేరు బట్ట మీద కుట్టి మరీ ఇచ్చారు. గాన్స్ 1772-73లో చేసిన తెర ఇప్పుడు న్యూయార్క్ జ్యూయిష్ మ్యూజియంలో ఉంది. ఇలా రెండేళ్లు కలిపి ఎందుకు రాస్తారని అడుగుతారేమో, యూదుల సంవత్సరం శరదృతువులో మొదలవుతుంది, బట్ట మీద వాళ్ల సంవత్సరమే ఉంటుంది, నెల లేకపోతే మన లెక్కలో రెండేళ్ల మధ్య పడుతుంది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగానికి వస్తాను, ఇటలీ ఆడవాళ్లు.

ఆ రోజుల్లో సినగాగ్‌లో తోరా చదవడానికి ఆడవాళ్లను పిలిచేవాళ్లు కాదు. వాళ్లు కూర్చునే చోటు కూడా వేరు. కానీ ఆ తోరాకు చుట్టిన పట్టీ మీద వాళ్ల పేర్లున్నాయి. 1582-83లో ఒనొరాతా ఫోవా అనే ఆవిడ కుట్టిన పట్టీ ఉంది. 1662-63లో రికా పొలాక్కో కుట్టింది ఉంది. వెనిస్‌లో 1680-81లో సిమ్హా, మెనహెం లేవీ మెషుల్లామీ భార్య, ఒక పెద్ద తెరే కుట్టింది. పట్టు బట్ట మీద పట్టు, లోహపు దారాలతో సీనాయి కొండ, యెరూషలేము. మూడూ ఇప్పుడు న్యూయార్క్ జ్యూయిష్ మ్యూజియంలోనే ఉన్నాయి. వీళ్ల గురించి మనకు దొరికేది ఎక్కువగా ఆ బట్ట మీదున్న రెండు మూడు వరసలే. ఏం చదువుకున్నారు, ఎలా ఉండేవాళ్లు, ఎన్నాళ్లు బతికారు అని అడిగితే బట్ట చెప్పదు. కానీ ఒకటి ఆలోచించండి, చదవడానికి తోరా తెరిచిన ప్రతిసారీ ముందు విప్పేది పట్టీనే, మూశాక ముందు చుట్టేదీ పట్టీనే. అంటే చదివే మగవాళ్ల చేతుల్లోంచి ఆవిడ పేరు వారం వారం వెళ్తూ ఉండేది. భర్త పేరుతో జోడించే రాసుకున్నారు, నిజమే, కానీ తమ పేరు తాము రాసుకున్నారు. ఆ కాలపు ఊరి లెక్కల పుస్తకాల్లో ఆడవాళ్ల పేర్లు ఇంత స్పష్టంగా ఎక్కడ దొరుకుతాయి?

(సభలోంచి ఒకరు: అంటే బట్ట ఎప్పుడూ కొత్తగా కొనే కుట్టేవాళ్లా?)

లేదండీ, మంచి ప్రశ్న అడిగారు. చాలా బట్టలకు ముందు ఇంకో జన్మ ఉంది. ఆటమన్ సామ్రాజ్యంలో, ఇస్తాంబుల్ లాంటి ఊళ్లలో, పెళ్లికూతురికి ముదురు రంగు వెల్వెట్ మీద కొమ్మలు రెమ్మలుగా బంగారు జరీ కుట్టిన నిలువుటంగీ తొడిగేవాళ్లు. అది యూదులకే ప్రత్యేకం కాదు, తురకలు, ఆర్మేనియన్లు అందరూ వేసుకున్నదే. పెళ్లయ్యాకో, ఆవిడ పోయాక జ్ఞాపకంగానో ఆ అంగీని సినగాగ్‌కు ఇచ్చేవాళ్లు. దర్జీ దాన్ని విప్పి తెరగానో, తోరా తొడుగుగానో మార్చేవాడు. ఇప్పుడు ఆ తెరల్ని దగ్గరగా చూస్తే చంక కత్తిరింపు, మెడ వంపు, అతుకులు కనిపిస్తాయి, కొమ్మల డిజైన్ ఉన్నట్టుండి తెగిపోయి పక్కముక్కలో తలకిందులుగా మొదలవుతుంది. కొందరు దాన్ని లోపంగా రాస్తారు, నాకు కోపం వస్తుంది. ఆ అతుకే కదా ఇది ఒక మనిషి ఒంటి మీద ఉన్న బట్ట అని చెప్పేది! మిష్నా చెప్పిన మెట్లు గుర్తున్నాయా, పైకే వెళ్లాలని. పెళ్లిబట్ట అలా మెట్లెక్కి తోరా ముందు నిలబడింది.

దీనికంటే లోతైన ఉదాహరణ, తోరాకు కట్టే పట్టీల్లో ఒక రకం, జర్మనీ యూదుల విమ్‌పెల్. మగబిడ్డ పుట్టిన ఎనిమిదో రోజు సున్తీ చేస్తారు. ఆ సమయంలో బిడ్డ కింద పరిచిన నారబట్టను ఉతికి, నిలువునా పీలికలుగా, మామూలుగా నాలుగుగా, కత్తిరించి, కొసకు కొస కలిపి కుడితే మూడు మీటర్లు దాటే పట్టీ తయారవుతుంది. దాని మీద కుడివైపు నుంచి ఎడమవైపుకు, ఫలానా వాడి కొడుకు ఫలానా, ఫలానా నక్షత్రరాశిలో, ఫలానా నెల ఫలానా రోజు పుట్టాడు, దేవుడు వీణ్ని తోరాకు, పెళ్లిపందిరికి, మంచి పనులకు ఎదిగేలా చేయుగాక, అని ఒకే పొడవాటి వాక్యం. తోరా అన్నచోట చుట్ట బొమ్మ, పెళ్లి అన్నచోట పందిరి కింద జంట. ముందు చెప్పాను మనిషి రూపాలు అరుదని, ఇక్కడ మాత్రం ఇంటి ఆడవాళ్లు ఆ భయమేమీ పెట్టుకోకుండా వధూవరుల్ని కుట్టేశారు. అక్షరాల కడుపులో పక్షులు, చేపలు, పూలు. తర్వాతి కాలంలో కుట్టే బదులు రంగులతో రాయడం కూడా వచ్చింది.

పిల్లాడికి మూడేళ్ల వయసు వచ్చాక మొదటిసారి సినగాగ్‌కు తీసుకెళ్లి, వాడి చేతే ఆ పట్టీని ఇప్పిస్తారు. పదమూడేళ్లకు వాడు మొదటిసారి తోరా చదివే రోజు ఆ చుట్టకు వాడి పట్టీనే కడతారు. ఈ ఆచారం మొదలైన తీరు గురించి ఒక కథ చెబుతారు. 1427లో చనిపోయిన మహారిల్ అనే పెద్ద రబ్బీ ఉన్న చోట ఒక సున్తీ జరుగుతుంటే బిడ్డను చుట్టడానికి బట్ట లేకపోయింది, ఆయన తోరాకు కట్టిన పట్టీ తీసి వాడమన్నాడు, తర్వాత ఉతికి, కొంత డబ్బుతో సహా సినగాగ్‌కు తిరిగి ఇవ్వమన్నాడు. తోరా బట్ట బిడ్డ దగ్గరికి వెళ్లిన కథ అది, ఆచారంలో బిడ్డ బట్టే తోరా దగ్గరికి వస్తుంది.

ఇక్కడ నా మనసులో ఒక బాధ ఉంది, చెప్పేస్తాను. ఈ పట్టీల మీద బిడ్డ పేరు, తండ్రి పేరు ఉంటాయి. కుట్టింది తల్లో, అమ్మమ్మో, నాయనమ్మో, వాళ్ల పేరు మామూలుగా ఉండదు. ఇటలీలో పేరు కుట్టుకున్న ఆడవాళ్లు, జర్మనీలో పేరు లేకుండా కుట్టిన ఆడవాళ్లు, ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. అయినా వంకర అక్షరం, మధ్యలో మారిన దారం రంగు, చోటు సరిపోక చివర కుదించిన వాక్యం చూస్తుంటే ఆ చెయ్యి తెలుస్తూనే ఉంటుంది.

ఒక ఊరి సినగాగ్ బీరువాలో ఇలాంటి పట్టీలు తరతరాలుగా పోగుపడితే అది ఆ ఊరి జననాల రిజిస్టరే. 1938 నవంబరు 9, 10 తేదీల్లో నాజీలు జర్మనీ, ఆస్ట్రియాల్లో వెయ్యికి పైగా సినగాగుల్ని తగలబెట్టారు, ధ్వంసం చేశారు. రాయి మీద దృష్టి పెట్టి భవనాలు కాలాయని అంటాం. లోపల బీరువాల్లో ఉన్నవి బట్టలు, బట్ట ఎంతసేపు కాలుతుంది? పిల్లల పేర్లతో సహా పోయాయి.

ప్రాగ్ కథ వేరు. 1906లో అక్కడ యూదు మ్యూజియం పెట్టారు. 1942 నుంచి, బొహీమియా, మొరావియా ఊళ్లలోని యూదుల్ని నిర్బంధ శిబిరాలకు పంపేస్తూ ఉండగా, ఆ ఊళ్ల సినగాగ్ సామాను పెట్టెలకు పెట్టెలు ఈ మ్యూజియానికి చేరింది. వాటిని విప్పి, కొలిచి, మీద ఉన్న అక్షరాలు చదివి, కార్డుల మీద రాసింది కూడా యూదులే, నాజీల కాపలాలో. యోసెఫ్ పోలాక్ లాంటి నిపుణులు ఆ పని చేస్తూనే ఉన్నారు, వాళ్లలో చాలామందిని చివరికి చంపేశారు. బతికి బయటపడ్డ హనా వొలావ్‌కొవా యుద్ధం తర్వాత ఆ మ్యూజియం బాధ్యత తీసుకుంది. సినగాగ్ బట్టల సేకరణల్లో ప్రపంచంలో అంత పెద్దది ఇంకోటి లేదంటారు, అది అలా ఏర్పడింది. ధనవంతుడైన మోర్దెకై మైసెల్, ఆయన భార్య ఫ్రూమెట్ 1592లో ఇచ్చిన తెర అందులో ఉంది, పేరు తెలియని పల్లె సినగాగుల మామూలు కాటన్ తొడుగులూ అందులోనే ఉన్నాయి. 1964లో 1,564 తోరా చుట్టలు ప్రాగ్ నుంచి లండన్ వెస్ట్‌మిన్‌స్టర్ సినగాగ్‌కు వెళ్లాయి. బట్టలు చాలావరకు ప్రాగ్‌లోనే ఉండిపోయాయి, అంటే చుట్ట ఒక దేశంలో, దాని తొడుగు ఇంకో దేశంలో. మ్యూజియం 1994లో తిరిగి యూదు సమాజం చేతికి వచ్చింది. నన్నడిగితే మైసెల్ తెర దగ్గర రెండు నిమిషాలు ఆగండి, ఆ కాటన్ తొడుగుల దగ్గర పది నిమిషాలు ఆగండి. ఆ ఊరి నుంచి మిగిలింది ఆ ఒక్క బట్టే కావచ్చు.

(సభలోంచి: మన తెలుగువాళ్లలో యూదులున్నారా?)

ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే సమాజం ఉంది, తెలుగు మాట్లాడతారు, తమది ప్రాచీన ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిం గోత్రమని చెప్పుకుంటారు, సొంత సినగాగ్ ఉంది. నేను ఇవాళ చెప్పిన పాత బట్టల సంప్రదాయం ఐరోపాది, ఆటమన్ ప్రాంతానిది, దాన్ని వాళ్లకు అంటగట్టను. వాళ్ల కథ వాళ్ల నోట వినాల్సింది.

భద్రపరచడం గురించి ఒక్క మాట, చాలామంది ఫోన్ చేసి అడుగుతుంటారు కాబట్టి. జరీ బరువు, వెల్వెట్ పాతది, నిలువుగా వేలాడదీస్తే తన బరువుకు తనే చిరుగుతుంది. వాలుగా ఉన్న పలక మీద పెట్టాలి, లేదా పరిచి ఉంచాలి. వెలుతురు తక్కువ ఉండాలి. పంతొమ్మిదో శతాబ్దపు పట్టులో కొంతదాన్ని బరువు పెరగడానికి లోహపు లవణాల్లో ముంచేవాళ్లు, అది ఇప్పుడు మడత దగ్గర పొడిపొడిగా రాలుతుంది, దానికి పూర్తి వైద్యం లేదు. డ్రై క్లీనింగ్ మాట ఎత్తకండి.

చివరగా, ఇది పాతకాలపు సంగతి మాత్రమే అనుకోకుండా ఒక్క కొత్త ఉదాహరణ. అమెరికాలో న్యూజెర్సీలోని మిల్‌బర్న్ ఊళ్లో బ్నై ఇజ్రాయెల్ సమాజం కొత్త సినగాగ్ కట్టుకుంటూ, 1950-51లో తెర డిజైన్ చేయమని అడాల్ఫ్ గాట్లీబ్ అనే చిత్రకారుణ్ని అడిగింది. ఆయన అమెరికా ఆధునిక చిత్రకళలో పెద్ద పేరు. సింహాల కూర్పు పక్కన పెట్టి, ఆధునిక గుర్తులతో గళ్లు గళ్లుగా గీశాడు. చాలా బాగుంటుంది, నాకు ఇష్టం. వెల్వెట్ మీద దాన్ని కుట్టి తెరగా చేసింది ఆ సమాజపు ఆడవాళ్లు. కళాచరిత్ర పుస్తకాల్లో అది గాట్లీబ్ తెర. కుట్టినవాళ్లను "సమాజ స్త్రీలు" అని ఒక్క మాటలో కలిపేస్తారు. 1951 అంటే మరీ దూరం కాదు, ఇలాంటి సినగాగుల్లో పాత సభ్యుల జాబితాలు, మీటింగ్ పుస్తకాలు, ఫొటోలు ఇంకా ఉంటాయి, అమ్మమ్మల పేర్లు తెలిసిన మనవరాళ్లుంటారు. మీలో అమెరికాలో ఉన్నవాళ్లు, అక్కడ టెక్స్‌టైల్ చరిత్ర చదువుతున్న పిల్లలు ఉన్నవాళ్లు దయచేసి ఇలాంటి పని ఒకటి పట్టుకోండి. ఎవరు ఏ ముక్క కుట్టారో అడిగి రాసి పెట్టండి, ఆ పేర్లు మ్యూజియం వాళ్లకు పంపండి, లేబుల్ మీద వేయమనండి.

ప్రశ్నలుంటే అడగండి.